పొగాకు హెచ్చరిక మాత్రం అచ్చ తెలుగులో

ఆ కళ్లజోడు వీడియో నాకు పంపనివాళ్లు మా బంధువర్గంలో ఇక ఎవరూ మిగల్లేదు. మా పిన్ని పంపింది. మా బావగారు రెండు గ్రూపుల్లో పెట్టి, చాలదన్నట్టు విడిగా కూడా పంపారు. ఎప్పుడో పెళ్లిలో కనిపించిన వేలువిడిచిన మేనమామ కొడుకు కింద వరసగా దండాలు పెట్టి మరీ పంపాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అద్దాల మీద అక్షరాలు పడతాయట, ఇక చెవుడన్న మాటే ఉండదట. సంతోషం. కానీ ఆ వీడియోలో ఒకాయన చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తాడు, పక్కనున్నావిడ కళ్లొత్తుకుంటుంది, అడుగున ఒక్క అక్షరం ముక్క లేదు. చెవిటివాళ్ల కష్టాలు తీరిపోయాయన్న కబురు చెవులున్నవాళ్లకు మాత్రమే చెప్పి ఊరుకున్నారు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెతలో తప్పెప్పుడూ చెవిటివాడిదే. ఊదినవాణ్ని ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడా శంఖానికి బ్లూటూత్ కూడా పెట్టారు.

పోనీ కొందామనే అనుకుందాం. మెటా కంపెనీ 2025 సెప్టెంబరులో అమెరికాలో అమ్మకానికి పెట్టిన ఆ తరహా కళ్లజోడు 799 డాలర్లు. మన లెక్కలో దాదాపు డెబ్బై వేలు. అంత పోసి కొన్నాక దాంతో నేను ముందుగా చూసేది మన సినిమానే కదా. ఆ సినిమాలో మాటలన్నీ రచయిత ముందే కాగితం మీద రాశాడు. డబ్బింగ్ చెప్పినవాళ్లు ఆ కాగితం ఎదురుగా పెట్టుకునే చెప్పారు. అలా రాసి ఉన్న మాటను గొంతుగా మార్చి, ఆ గొంతును థియేటర్ స్పీకర్లలోంచి డప్పులతో కలిపి వదిలితే, దాన్ని నా కళ్లజోడు మైకు పట్టుకుని, ఎక్కడో ఉన్న కంప్యూటరుకు పంపి, అది ఇదై ఉండొచ్చని ఊహించి, మళ్లీ అక్షరాలు చేసి నా ముక్కు మీద చూపిస్తుందట. ఆ మొదటి కాగితంలో ఉన్నదే తెర అడుగున వేస్తే పోయేదిగా అంటే, అది టెక్నాలజీ కాదు. దానికి ఎవరూ కళ్లొత్తుకోరు.

ఆ ఊహించడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఫోన్లో అలాంటి యాప్ పెట్టుకుని తిరుగుతూనే ఉన్నాను. మందుల షాపులో, ఎదుటి మనిషి ఒక్కడే ఉండి నిదానంగా మాట్లాడితే బాగానే పనికొస్తుంది, కాదనను. ఇంట్లో నలుగురూ కలిసి మాట్లాడితే మాత్రం ‘పాప పడుకుంది’ అన్నది ‘పాపం పండింది’ అని పడుతుంది. అది చదివి నేను ఎవరి వంక చూడాలి?

తెలుగు సినిమా తెర మీద తెలుగు అక్షరాలు వేయడం సాంకేతికంగా కష్టమేమో, అందుకే వేయడం లేదేమో అని ఎవరికైనా జాలి కలగొచ్చు. వాళ్లు ఒకసారి హీరో సిగరెట్ వెలిగించేదాకా ఆగాలి. చెయ్యి జేబులోంచి పైకొచ్చి, సిగరెట్ పెదాలకు తగిలిందో లేదో, తెర అడుగున అక్షరాలు ప్రత్యక్షం. స్పష్టంగా, తప్పులు లేకుండా, తెలుగులో. ఆర్పేదాకా అక్కడే ఉంటాయి, ఆర్పగానే పోతాయి. అంటే టైమింగ్ వచ్చు. ఫాంట్లు ఉన్నాయి. అక్షరం ఎక్కడ వేస్తే కనిపిస్తుందో కూడా తెలుసు. పెదాల మీదికి సిగరెట్ వస్తే పడే అక్షరం, అదే పెదాల మీదికి మాట వస్తే పడదు.

2012 నుంచి థియేటర్లలో ఈ హెచ్చరిక నడుస్తోంది. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ తప్పనిసరి చేశారు. ఆ నిబంధనలు రాసినవాళ్ల చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. తెల్లటి పట్టీ మీద నల్లటి అక్షరాలు ఉండాలట, చదవడానికి వీలుగా ఉండాలట, పైగా కార్యక్రమం ఏ భాషలో ఉంటే హెచ్చరిక కూడా ఆ భాషలోనే ఉండాలట. ఇన్నేళ్లుగా మేం అడుగుతున్నది అక్షరాలా ఇదే. పొరపాటున పొగాకుకు ఇచ్చారు.

ఇక నా సినిమా ఎలా ఉంటుందో చెప్తాను. ఇంటర్వెల్ ముందు విలన్ చుట్ట వెలిగించి కుర్చీలో వెనక్కి వాలి, హీరో పుట్టుక రహస్యం మొదలుపెడతాడు. పక్కన కూర్చున్న మా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంటుంది. వెనక వరసలో ఎవరో లేచి నిలబడతారు. నేను చదువుతుంటాను: పొగాకు ప్రాణాంతకం. విలన్ ఇంకో దమ్ము లాగి ఇంకో రహస్యం చెబుతాడు. పొగాకు ప్రాణాంతకం. హీరో అన్నను చంపిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. పొగాకు చంపుతుందని మాత్రం నిస్సందేహంగా తెలుసు. నేను జన్మలో బీడీ ముక్క ముట్టలేదు. నా ఊపిరితిత్తుల మీద ఇంత శ్రద్ధ ఉన్న ప్రభుత్వానికి వాటికి జానెడు పైన ఉన్న చెవులు కనిపించకపోవడం విచిత్రం.

అందుకని నిర్మాతలకు ఒక సలహా. ప్రతి పాత్ర చేతా సిగరెట్ తాగించండి. అమ్మమ్మ, పంతులుగారు, పోలీసు కానిస్టేబులు, అందరి చేతా. పట్టీ ఎలాగూ వేయక తప్పదు కాబట్టి ఆ హెచ్చరిక పక్కన వాళ్ల డైలాగు ఇరికించండి. మీకు పైసా అదనపు ఖర్చు ఉండదు.

పట్టు పడితే ఎంత గట్టిగా పడతారో కూడా చూశాం. 2013లో వుడీ ఆలెన్ ఈ హెచ్చరికలు తన ‘బ్లూ జాస్మిన్’లో పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆ సినిమా ఇక్కడ విడుదలే కాలేదు. హాలీవుడ్ పెద్దమనిషి అలిగినా సర్కారు చలించలేదు, అదీ పట్టుదలంటే. పందెంకోడి కనబడితే మూలన ‘సీజీఐ’ అని పడుతుంది. మందు గ్లాసు కనబడితే ఇంకో హెచ్చరిక. హీరోగారి బిరుదు సరేసరి, మంటల్లోంచి లేచి తెర నిండా నిలబడుతుంది. మాటలకే చోటు లేదు.

ఓటీటీలో ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, ఇంగ్లీషులో. చాలా తెలుగు సినిమాలకు అక్కడ తెలుగు మాట, ఇంగ్లీషు అక్షరం. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైనప్పుడు అక్కడివాళ్లు జపనీస్ అక్షరాలు చదువుకుంటూ చూశారు, చూసి థియేటర్లలో డాన్సులు చేశారు. తెలుగు ముక్క రాని టోక్యోవాడికి వాళ్ల లిపిలో వేయడం అవసరమని అందరికీ తోచింది. తెలుగు తప్ప రాని భీమవరం చెవిటివాడికి మన లిపిలో వేయడం ఎవరికీ తోచదు. తెలుగు మీడియంలో చదువుకున్న, లేదా బధిరుల పాఠశాలలో కష్టపడి తెలుగు చదవడం రాయడం నేర్చుకున్న మనిషి, సొంత భాష సినిమా చూడాలంటే ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలన్నమాట.

పెదాలు చూసి గ్రహించొచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్లు కొందరు. హీరోయిన్ ముంబయి నుంచి వచ్చి హిందీలో పెదాలు కదిలించి వెళ్లిపోతుంది. తెలుగు వేరే అమ్మాయి ఎక్కడో గదిలో కూర్చుని చెబుతుంది. మీకు తెలుగు వినబడుతోంది, నాకు హిందీ కనబడుతోంది. హీరో తెలుగువాడే, కానీ ‘పుష్ప’ తర్వాత ఎవరి పెదాలూ గడ్డంలోంచి బయటికి రావడం లేదు.

వెటకారం చాలు. నాకు నిజంగానే ఒళ్లు మండుతోంది.

2016లో వికలాంగుల హక్కుల చట్టం చేశారు. ఎలక్ట్రానిక్ మీడియాలో క్యాప్షన్లు, సైగ భాష ఉండేలా ప్రభుత్వమే చూడాలని 42వ సెక్షన్‌లో రాశారు. 2023 జనవరిలో ‘పఠాన్’ విడుదలకు ముందు వికలాంగులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, ఓటీటీలో పెట్టేటప్పటికి క్యాప్షన్లు సిద్ధం చేయమని కోర్టు నిర్మాతలకు చెప్పాల్సి వచ్చింది. 2024 మార్చి 15న సమాచార ప్రసార శాఖ థియేటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికి మించి భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకు ఆరు నెలలు, పూర్తి అమలుకు రెండేళ్లు గడువన్నారు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు, పాటిస్తే పాటించండి అన్నట్టున్న నిబంధన చెల్లదు, తప్పనిసరి చేయండి అని తీర్పు చెప్పింది. ఇన్నిసార్లు ఇంతమంది చెప్పాల్సినంత పెద్ద కోరికా ఇది? టికెట్ డబ్బులు నేనూ మీ అంతే కడుతున్నాను. చెవిటివాడని సగం ధరకు ఎవరూ ఇవ్వడం లేదు.

ఆ మార్గదర్శకాలు చదివి ఓ మల్టీప్లెక్స్ కౌంటరులో ఫోన్లో టైప్ చేసి అడిగాను, క్యాప్షన్లు కనిపించే పరికరం ఏదైనా ఇస్తారా అని. కుర్రాడు పాపం మర్యాదస్తుడు, లోపలికెళ్లి వెతికి త్రీడీ కళ్లజోడు తెచ్చిచ్చాడు. మేనేజరు వచ్చి, తెర మీదే అక్షరాలు వేస్తే మిగతా ప్రేక్షకులకు ఇబ్బంది సార్ అని టైప్ చేసి చూపించాడు. ఏ ప్రేక్షకులకు? తెర ముందు కాగితాలు ఎగరేసేవాళ్లకా? చీకట్లో ఫోను వెలిగించి పొద్దస్తమానం రీల్సు చూసేవాళ్లకా? సిగరెట్ పట్టీని పదమూడేళ్ల పైనుంచి నోరెత్తకుండా భరిస్తున్నవాళ్లకా? నా ఒక్క వరస అక్షరాలతోనే వాళ్ల రసానుభూతి చెడిపోతుందా?

టీవీ వాళ్లు ఇంకా ఘనులు. మన న్యూస్ చానళ్లలో అక్షరానికి కరువు లేదు. పైన పట్టీ, కింద రెండు పట్టీలు, పక్కన బంగారం ధర, ఆ మూల బ్రేకింగ్, ఈ మూల బిగ్ బ్రేకింగ్. ఇన్నింటి మధ్య ఆ యాంకరమ్మ ఏమంటోందో చెప్పే అక్షరం ఒక్కటి ఉండదు. ఆమె వెనక తుపాను తిరుగుతుంటుంది, కింద ఎవరిదో విడాకుల వార్త పరుగెడుతుంటుంది. ఏ ఊళ్లు ఖాళీ చేయాలో ఆమె చెబుతూనే ఉందట. టీవీలకు కూడా ఇలాంటి ప్రమాణాలు 2019 సెప్టెంబరులోనే ప్రకటించారు లెండి.

రైల్వే స్టేషను సంగతి ఒక్క ముక్కలో: ప్లాట్‌ఫారం మారిందని నాకు చెప్పేది సూట్‌కేసులతో పరుగెత్తే జనం, వాళ్లను పరుగెత్తించే మాట ‘దయచేసి వినండి’తో మొదలవుతుందట.

అన్నట్టు ఒక్క విషయంలో మేం అదృష్టవంతులం. ఫోన్ చేసిన ప్రతిసారీ సైబర్ మోసగాళ్ల గురించి అమితాబ్ బచ్చన్ చేసిన హెచ్చరిక దేశమంతా విని విసిగిపోయిన ఆ నెలల్లో మా వైపు ప్రశాంతంగా ఉంది.

ఇక చెవి మిషన్లు. షోరూమ్‌లో మొదట చెప్పే గొప్ప ఏమిటో తెలుసా? ‘ఎవరికీ కనిపించదు సార్.’ లక్షలు పోసి కొనే వస్తువు గొప్పదనం అది లేనట్టు ఉండటం. కనిపిస్తే నష్టమేమిటని అడిగితే వాళ్లకు అర్థం కాదు. కనిపిస్తేనే కదా ఎదుటివాడు మొహం నా వైపు తిప్పి మాట్లాడేది. రెండో గొప్ప, యాప్‌లో అడుగులు లెక్కపెడుతుందట. నా నడకతో నాకే ఇబ్బందీ లేదు. కుక్కర్ కూత, ఫ్యాను రొద, మనవరాలి మాట మూడూ ఒకే ఎత్తులో వినిపించకుండా ఉంటుందా అంటే ఆ అమ్మాయి బ్రోషరు తిప్పుతుంది. మే నెలలో చెమట పట్టి మూగబోతే ఏం చేయాలో అందులో రాయలేదు. 312 సైజు బ్యాటరీ కోసం మందుల షాపుకెళ్తే వాచీలో వేసే సెల్లు ఇస్తారు.

2024లో బెంగళూరు కుర్రాళ్లు కొందరు మైక్రోవేవ్‌ను అడ్డం పెట్టుకుని యాపిల్ ఇయర్‌బడ్స్‌ను అవి అమెరికాలో ఉన్నట్టు నమ్మించి, వాళ్ల అమ్మమ్మ, నానమ్మల కోసం అప్పటికి మన దేశంలో తాళం వేసి ఉన్న వినికిడి సౌకర్యం ఆన్ చేయించారు. అమ్మమ్మకు మాట వినబడాలంటే ముందు ఆవిడ ఇయర్‌బడ్స్ వీసా లేకుండా అమెరికా వెళ్లి రావాల్సి వచ్చింది! ఆ కుర్రాళ్లను మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ తాళం వేసినవాళ్లను తిట్టారా?

నేను కొన్న మిషన్ల కంపెనీ పేరు చెప్పను. వారంటీ ఉండగానే కుడివైపుది ఆగిపోయింది. కార్డు మీద ఉన్నది ఫోన్ నంబరు ఒక్కటే. వెతికి వెతికి ఈమెయిల్ పట్టుకుని, నాకు వినబడదు, దయచేసి రాతలో జవాబివ్వండి అని రాశాను. మా ప్రతినిధి త్వరలో మీకు ఫోన్ చేస్తారు అని జవాబొచ్చింది. వినబడదండీ అని మళ్లీ రాశాను. అర్థమైంది సార్, మీకు అనువైన సమయం చెబితే అప్పుడే ఫోన్ చేస్తాం అన్నారు. చివరికి వచ్చిన మెసేజ్ ఇంకా దాచుకున్నాను: ‘కస్టమర్ మా కాల్స్‌కు స్పందించనందున ఫిర్యాదు ముగించడమైనది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’