అచ్చులో పుట్టిన ఆరోగ్యమాతను

నేను అచ్చులో పుట్టాను. వేళాంగణ్ణి బజారులో ఎటు చూసినా నాలాంటి మరియమ్మ స్వరూపాలే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని నీళ్లలో కలిపి, గట్టిపడేలోగా అచ్చులో పోశారు. అచ్చు విప్పాక రెండు పక్కలా అతుకు గీత మిగిలింది. గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు వేశారు. భుజం కింద ఆ గీత ఇప్పటికీ వేలికి తగులుతుంది. చీర అంచుకు బంగారు రంగు పూసిన చెయ్యి మాత్రం ఎక్కడా వణకలేదు. ఆ చేతికి నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు నా ఉనికి తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో, ఒక తెలుగు ఇంటి గోడగూట్లో.

ఇక నా మూలరూపం సంగతి. నాగపట్నానికి దక్షిణంగా పన్నెండు కిలోమీటర్ల దూరాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు వేళాంగణ్ణి. 16వ శతాబ్దపు మాటగా తరతరాలుగా నోటినోటా చెప్పుకుంటారు. ఒక పిల్లవాడు నాగపట్నంలోని యజమానికి పాలు మోసుకుపోతూ, చెరువు గట్టున మర్రిచెట్టు నీడలో కునుకు తీశాడు. చంకలో బిడ్డతో ఒకామె వచ్చి లేపింది, బిడ్డకు పాలు పొయ్యమంది. పోశాడు. పాలు తరిగాయి, పొద్దెక్కింది, యజమాని ఏమంటాడో అని భయపడుతూనే పోయాడు. అక్కడ మూత తీస్తే కుండ నిండి పొంగుతోంది.

ఆ తర్వాత నడుతిట్టు అనే చోట, నడవలేని పిల్లవాడొకడు మజ్జిగ అమ్ముకుంటున్నాడు. వాణ్ణీ ఆమె మజ్జిగ అడిగే పుచ్చుకుంది. తనకు ఇక్కడ గుడి కట్టమని నాగపట్నంలోని ఒక క్రైస్తవ పెద్దమనిషితో చెప్పి రమ్మంది. ఎలా పోయేదన్నాడు. లేవమంది. లేచాడు, పరుగెత్తాడు. ఆమె కనిపించిన చోట పూరిపాక గుడి వెలిసింది. ఆరోగ్యమాత అని జనం పిలుచుకోవడం అప్పటినుంచే.

పోర్చుగీసు నావికుల కథ మూడోది. మకావు నుంచి సింహళానికి పోతుంటే తుఫాను పట్టుకుంది, మరియమ్మకు మొక్కుకున్నారు. ఒడ్డు చేరిన రోజు సెప్టెంబరు 8, ఆ తల్లి పుట్టినరోజు. పాక ఉన్నచోట గట్టి గుడి కట్టారు. వాళ్లు తెచ్చిన చైనా పింగాణీ పళ్లాలు ఇప్పటికీ పీఠం దగ్గర ఉన్నాయి. 1771లో అది విచారణ గుడి అయింది, 1962లో 23వ జాన్ పాపుగారు బసిలికా హోదా ఇచ్చారు.

ఈ మూడింటిలో నాకు ప్రాణమైనవి మొదటి రెండూ. తుఫానులో నావికులు ఆమెను అడిగారు, సరే. కానీ పాల పిల్లవాణ్ణీ మజ్జిగ పిల్లవాణ్ణీ ఆమే అడిగింది. ఊరిపెద్ద గడప తొక్కలేదు. నా ఒంటిమీద ఎంత బంగారు రంగు పూసినా, నేను చెయ్యి చాచిన తల్లి రూపాన్నే.

ఈ ఇంటి అవ్వకు నా ముందు జపమాల చెప్పనిదే పొద్దు గడవదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. బడిలో, బస్సులో అరవం వచ్చింది గానీ అవ్వ జపమాల తెలుగులోనే సాగుతోంది. ఆడికృత్తికకు ఈ వీధివాళ్లు తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతారు. ఆగస్టు 29న వేళాంగణ్ణిలో జెండా ఎక్కుతుందనగా, కాషాయం కట్టినవాళ్లు కాలినడకన అటు పోతారు. పక్కింటామె మురుగన్ భక్తురాలు. బిడ్డకు జ్వరం వస్తే నా ముందూ కొవ్వొత్తి వెలిగిస్తుంది. అవ్వ ఆమెకు పీట వేస్తుంది.

మొన్న మనవడు అడిగాడు: "దేవుడి తల్లి కదా అవ్వా, పాలు తానే పుట్టించుకోవచ్చు గదా?"

"పుట్టించుకోవచ్చు నాయనా. అయితే ఆయమ్మ ఆ పిల్లోడి దగ్గరికి ఎందుకు వస్తాది?"

వాడు నావైపు తిరిగి చాలాసేపు చూశాడు. "మజ్జిగ పిల్లోడు మళ్లీ కుంటినాడా?" అని ఇంకో ప్రశ్న వేశాడు. లేదని చెప్పింది అవ్వ. ఈ ఏడు జాతరకు వాణ్ణి తీసుకుపోయి తలనీలాలు ఇప్పిస్తుందట. నన్నూ పాత చీర ముక్కలో చుట్టి వెంట తీసుకుపోయి, పెచ్చులూడిన అంచుకు మళ్లీ రంగు వేయిస్తానంటోంది.