ఒక్కడే, లెక్కలో ఇద్దరు

విమాన సంస్థల లెక్కల శాఖకు పరమ ఇష్టుడు ఒకడున్నాడు: రెండు రకాల విమానాలు నడపగల పైలట్. జీతం ఒకటే, కాక్‌పిట్లు రెండు.

ఆర్టీసీలో హెవీ లైసెన్సు ఉంటే ఇవాళ పల్లెవెలుగు, రేపు సూపర్ లగ్జరీ. పైన అలా కుదరదు. విమానం రకం మారితే టైప్ రేటింగ్ అనే అనుమతి వేరు. ఏటీఆర్ కెప్టెన్ ఖాళీగా టీ తాగుతున్నా, పైలట్ లేక ఎదురుగా ఆగిపోయిన ఎయిర్‌బస్ ఏ320 జోలికి పోకూడదు. ఈ చిక్కు విప్పడానికే కంపెనీలు కవల కాక్‌పిట్లు తయారుచేశాయి. బోయింగ్ 757, 767లకు ఎనభైల్లోనే ఒకే రేటింగ్. 777 నడిపేవాడు కొద్దిపాటి శిక్షణతో 787 ఎక్కగలడు.

ఇందులో మంచి లేదనను. దూరాలు తిరిగే పైలట్‌కు 90 రోజుల్లో తప్పనిసరైన మూడు ల్యాండింగులు దొరకడమే గగనం. మధ్యలో చిన్న రూట్లు పడితే చేతి అలవాటు పోదు. కాకపోతే ఏ320 దిగి ఏ330 ఎక్కినవాడి కన్ను నేలకు ఇంకాస్త ఎత్తున ఉంటుంది. రన్‌వే మీద ముక్కు ఎప్పుడెత్తాలో చెయ్యి మళ్లీ నేర్చుకోవాలి. లెక్కల శాఖకు చెయ్యి కనబడదు, తల ఒక్కటే కనబడుతుంది. ఆ ఒక్క తలనే రెండు విమానాలకూ స్టాండ్‌బైగా రాసుకుంటుంది. రెండూ ఒకే తెల్లవారుజామున పైలట్ కావాలంటే? అలా అడగవని ఎక్సెల్ హామీ.

పాత 737 రేటింగే కొత్త 737 మ్యాక్స్‌కూ సరిపోవాలన్న తాపత్రయంలో, సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరైతే విమానానికి పది లక్షల డాలర్లు తగ్గిస్తామని సౌత్‌వెస్ట్‌కు బోయింగ్ రాసిచ్చింది. విమానం ముక్కును దానంతటదే కిందికి దించే ఎంక్యాస్ అనే కొత్త ఏర్పాటు సంగతి పైలట్ల మాన్యువల్‌లో పెట్టలేదు. 2018, 2019 మ్యాక్స్ ప్రమాదాల్లో 346 మంది పోయారు. దీనిమీద వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు.

మన ఇండిగో ఎక్కువగా ఏ320 కుటుంబాన్నే నమ్ముకుంది. ఎవరైనా ఏదైనా నడుపుతారు కనుక అదనపు మనుషులెందుకన్న ధీమా. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గింపు అని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే చెప్పింది. 2025 నవంబరు 1న రాత్రి నిబంధనలు అమలుకు రాగానే, ఆ శుభవార్త అప్పుడే విన్నట్టు రోస్టర్ కళ్లు తేలేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. శంషాబాద్‌లో సూట్‌కేసులే తలగడలు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా ఉన్నారు కాబట్టి, చుట్టరికం కలుపుకొని తిట్టుకునే సౌలభ్యం మాత్రం మనకు దక్కింది.

మందు వెంటనే దొరికింది. పైలట్లను పుట్టించలేరు కనుక నిద్రను వాయిదా వేశారు: ఇండిగో ఏ320లకు రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు. సెలవును వారపు విశ్రాంతి కింద చూపరాదన్న నిబంధననూ అన్ని సంస్థలకూ ఎత్తేశారు. పైలట్ ఒక్కడే ఇద్దరైనట్టు, సెలవు కూడా ఒక్కటే రెండైంది. ఇక కెప్టెన్ గారు మేనకోడలి పెళ్లికి సెలవు పెడితే అది విశ్రాంతి ఖాతాలోనూ పడొచ్చు. పెళ్లింట్లో విశ్రాంతి దొరుకుతుందని ఆ ఫైలు మీద సంతకం పెట్టినవారు ఎవరోగానీ, ఆడపెళ్లివారు మాత్రం కారు.