శనిని రైలు నెక్కి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

శనిని రైలు నెక్కి సంజవేళకుఁ జేరి
భువననగరి వీధి పొంగఁ జూచి
గెలుపు చేతి కంది కేల జారె నటంచు
విధినిఁ దిట్టుకొనుచు వెడలి రకట!

అవతారిక

2023 జనవరిలో పురుషుల హాకీ ప్రపంచకప్ ఒడిశాలో జరిగింది. కొన్ని మ్యాచ్‌లు రూర్కెలాలో, తక్కినవి భువనేశ్వర్ కళింగ స్టేడియంలో. 22వ తేదీ ఆదివారం రాత్రి ఏడు గంటలకు అక్కడ భారత్, న్యూజిలాండ్ తలపడ్డాయి. విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకునే మా మిత్రబృందం ఆ ఆటకి వెళ్లి, ఓటమి చూసి, తిరుగు రైల్లో పై పద్యాన్ని కన్నది. కర్త పేరు గోప్యం. సోమవారం నాటి సెలవుచీటీలో ఆయన జ్వరమని రాశారు గనక గోప్యంగానే ఉండాలి.

ఇంత చిన్న పద్యానికి వ్యాఖ్య అవసరమా అంటే, అవసరమే. కాళిదాసుకు కొల్చారం నుంచి మల్లినాథసూరి దొరికాడు. హాకీ చూసి ఓడి వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు దొరకాలి కదా.

టీక

శనిని = శనివారమునందు. ద్వితీయ సప్తమ్యర్థంలో వచ్చింది. ‘శనిని వెంటబెట్టుకుని’ అనే అన్వయం వ్యాకరణానికి నిలవదు. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక బృందంలో కొందరు దాన్నే గట్టిగా సమర్థించారన్నది వేరే సంగతి.

రైలు నెక్కి = రైలును ఎక్కినవారై. విశాఖ నుంచి భువనేశ్వర్‌కి సుమారు 440 కిలోమీటర్లు. పొద్దున ఎక్కితే పలాసలో జీడిపప్పు పొట్లాలు లోపలికి వస్తాయి. ఇచ్ఛాపురంతో ఆంధ్ర అయిపోతుంది, తెలుగు అయిపోదు. బరంపురం ప్లాట్‌ఫారం మీద మన మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత కుడివైపు కిటికీ దొరికినవాడికి చిలకా సరస్సు. జనవరిలో అక్కడ వలస పక్షులుంటాయి. ఇంత వర్ణనీయ వస్తువు కళ్లెదుట సాగుతుంటే కవి ఒక్క అక్షరం ఖర్చు పెట్టలేదు. ఆ సమయానికి ఆయన పై బెర్తు మీద నిద్రపోతున్నాడని పరిశోధనలో తేలింది.

సంజవేళకుఁ జేరి = సాయంకాలానికి చేరుకొని. రైలు ఆలస్యం కాలేదని దీనివల్ల తెలుస్తోంది. అద్భుతరసం.

భువననగరి = భువనేశ్వరము. ఛందస్సు కోసం ఈశ్వరుణ్ణి తప్పించడం సాహసమే. లింగరాజస్వామి ఉన్న ఊరు.

వీధి పొంగఁ జూచి = వీధులు జనంతో ఉప్పొంగగా చూచి. ఇక్కడ పొంగినది వీధి ఒక్కటే కాదు. లాడ్జి అద్దె పొంగింది, ఆటో ఛార్జీ పొంగింది. కవి చెప్పకుండానే స్ఫురింపజేశాడు గనక ఇది ధ్వని.

హాకీకి వీధి పొంగడమేమిటి, అది క్రికెట్‌కి కదా అని శంక. తీరప్రాంతం వాళ్లకు రావలసిన శంకే ఇది. సమాధానం: ఒడిశా సంగతి వేరు. 2018 నుంచి భారత హాకీ జట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే స్పాన్సరు. ఆటగాళ్ల చొక్కా మీద ఉండే పేరు ఒడిశాది. 2018 ప్రపంచకప్ కూడా ఇదే మైదానంలో జరిగింది. సుందర్‌గఢ్ జిల్లాలో పిల్లలు నడక వచ్చిన కొత్తలోనే కర్ర పట్టుకుంటారని చెప్పుకుంటారు. దిలీప్ తిర్కీ అక్కడివాడు, ఆ రాత్రి భారత రక్షణ వరుసలో నిలబడ్డ అమిత్ రోహిదాస్ అక్కడివాడు. మనకూ హైదరాబాద్ నుంచి మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఉన్నాడు, చిత్తూరు జిల్లా నుంచి గోల్‌కీపర్ రజని ఎతిమరపు ఉంది. ఏ వీధి పొంగింది వాళ్ల కోసం?

అధ్యాహారము

రసజ్ఞులు ఇక్కడ ఆగాలి. రెండో పాదం శనివారం సాయంత్రం వీధిలో ముగిసింది. మూడో పాదం ఆదివారం రాత్రి గెలుపు జారడంతో మొదలైంది. నడుమ ఆట ఏది? హాకీ చూడటానికి వెళ్లినవాడి పద్యంలో హాకీ లేదు. ఆటవెలదిలో ఆట మాయం. లేనిదాన్ని పైనుంచి తెచ్చి పూరించడం వ్యాఖ్యాత ధర్మం గనక పూరిస్తున్నాను.

ఆ రోజు మొదటి మ్యాచ్ సాయంత్రం నాలుగున్నరకు. స్పెయిన్, మలేసియా 2–2తో సమంగా నిలిస్తే షూటౌట్‌లో స్పెయిన్ 4–3తో గట్టెక్కింది. మనవాళ్లలో చాలామంది ఆ సమయానికి గేటు దగ్గర క్యూలో ఉన్నారు. అది రాబోయేదానికి సూచన అని, నాటకాల్లో ముందుగా ఎడమకన్ను అదరడం లాంటిదని తర్వాత అందరూ అన్నారు. ముందు ఎవరూ అనలేదు.

ఆటకు ముందు నీలిరంగు టర్ఫ్ మీద నీళ్లు చిమ్మారు. టీవీ ఈ ఘట్టాన్ని ప్రకటనలతో మింగేస్తుంది. తడిసిన టర్ఫ్ మీద బంతి పరిగెత్తదు, జారుతుంది. ఆ జారుడులోనే నేటి హాకీ వేగమంతా ఉంది. టీవీలో మనకు కనిపించేది బంతి. గ్యాలరీలోంచి కనిపించేది బంతి లేని పదిమంది. ఎవడు ఎవణ్ణి లాక్కుపోతున్నాడు, ఎక్కడ ఖాళీ పుట్టింది, ఆ ఖాళీలోకి ఎవడు రాలేదు అన్నవి పైనుంచే తెలుస్తాయి. రానివాడు ఆ రాత్రి హార్దిక్ సింగ్. ఇంగ్లండ్‌తో ఆడుతూ తొడ కండరం పట్టేసి టోర్నీ నుంచే తప్పుకున్నాడు. నడిమైదానంలో అతని జాగా చాలాసేపు అతనికోసమే ఉంచినట్టు ఉండిపోయింది.

అంకెలు చెప్పి ముందుకు పోదాం. 17వ నిమిషంలో లలిత్ ఉపాధ్యాయ్, 24లో సుఖ్‌జీత్. 28లో శామ్ లేన్ ఒకటి తగ్గించాడు. 40లో వరుణ్ కుమార్ కొట్టేసరికి భారత్ 3–1. అప్పుడు మా ముందు వరుసలో ఒకాయన క్వార్టర్‌ఫైనల్ టికెట్లు ఎక్కడ దొరుకుతాయో ఫోన్‌లో కనుక్కోవడం మొదలుపెట్టాడు. 43లో కేన్ రస్సెల్. 49లో షాన్ ఫిండ్లే. 3–3. ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు.

టీకా శేషము

గెలుపు = విజయము. చేతి కంది = చేతికి అందినదై.

శంక: హాకీలో బంతి మైదానపు ఆటగాడి చేతికి తగిలితే తప్పు. కర్ర గుండ్రటి వెనకవైపు తగిలినా తప్పే. గెలుపు చేతికి అందింది అంటే కవి తెలియక ఫౌల్ ఒప్పుకున్నాడా?

సమాధానం: లేదు. తన వలయంలో చేత్తో బంతిని ఆపే హక్కు గోల్‌కీపర్‌కి ఉంది. కాబట్టి ఇక్కడ చేయి అంటే మన గోల్‌కీపర్ శ్రీజేశ్ గ్లవ్. షూటౌట్‌లో దాడి చేసేవాడు 23 మీటర్ల గీత దగ్గర బంతితో బయలుదేరతాడు, ఎదురుగా కీపర్ ఒక్కడు, వ్యవధి ఎనిమిది సెకన్లు. శ్రీజేశ్ ఆపుతూ పోయాడు. అయిదేసి ప్రయత్నాలకీ తేలక సడన్ డెత్‌కి వెళ్లింది. అక్కడ శ్రీజేశ్‌కి దెబ్బ తగిలి క్రిషన్ పాఠక్ దిగాడు. గెలిపించే అవకాశం మన కర్రకి వచ్చి పోయింది. చివరకు న్యూజిలాండ్ 5–4.

కేల జారె = కేలినుండి జారెను. చేతికి అంది చేతినుంచే జారడం. శబ్దం మారింది, అర్థం ఒకటే. పునరుక్తి అని ఆక్షేపించవచ్చు. గ్యాలరీలో పక్కాయన అదే మాట లాడ్జికి చేరేదాకా అంటూనే ఉన్నాడు గనక కవిది స్వభావోక్తి.

విధినిఁ దిట్టుకొనుచు = అదృష్టాన్ని నిందించుకొంటూ. కొన్ని ఫోన్లలో ‘కోచుఁ దిట్టుకొనుచు’ అని పాఠాంతరం. అది యతికి నిలవదు, త్యాజ్యం. అయినా యతి కాపాడినంత మాత్రాన పదవి నిలవలేదు. టోర్నీ ముగిశాక కోచ్ గ్రాహమ్ రీడ్ రాజీనామా చేశారు.

ఇక కవితో నా విభేదం. విధి అన్న మాట ఇక్కడ పొసగదు. షూటౌట్‌ని లాటరీ అనడం ఓడినవాళ్ల అలవాటు. ఎనిమిది సెకన్లు కాదు మనల్ని ఓడించింది, 40కి 49కి మధ్య తొమ్మిది నిమిషాలు. రెండు గోల్స్ ఆధిక్యం చేతిలో ఉంచుకుని అవతలివాణ్ణి రెండుసార్లు రానిచ్చినవాడికి విధితో పనేముంది? వారం తిరిగాక 29న, ఇదే మైదానంలో ఫైనల్ చూడండి. జర్మనీ, బెల్జియం మీద 0–2తో వెనకబడి, పుంజుకుని, 3–3తో ఆట ముగించి, షూటౌట్‌లో 5–4తో కప్పు ఎత్తుకుపోయింది. అదే 3–3, అదే 5–4. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద కూడా ఆ జట్టు 0–2 నుంచే లేచింది. జర్మన్లకు అలవాటైనదాన్ని మనం విధి అంటున్నాం. భారత్ ప్రపంచకప్ గెలిచింది ఒక్కసారే, 1975లో కౌలాలంపూర్‌లో. అన్నేళ్లుగా విధిని తిట్టి తిట్టి దానికి మనమంటే లెక్క లేకుండా పోయింది.

వెడలిరి = వెళ్లిరి. అకట = అయ్యో.

తాత్పర్యము

శనివారం రైలెక్కి సాయంత్రానికి భువనేశ్వర్ చేరి, కిక్కిరిసిన వీధులు చూసి, మర్నాడు గెలవాల్సిన ఆట ఓడిపోగా విధిని తిట్టుకుంటూ వెళ్లారని భావం. అరవై నిమిషాల ఆటకి రెండు రోజులు రైళ్లలో, క్యూలలో గడపడం మూర్ఖత్వమని ఇంట్లోవారి వాదం. ఆ వాదానికి మూలంలో ఆధారం లేదు గనక వ్యాఖ్యాత స్పందించడు.

సంస్కరణము

పై దోషాన్ని తొలగిస్తూ నాలుగో పాదాన్ని ‘వెనుకవరుసఁ దిట్టి వెడలి రకట!’ అని సవరించి కవికి పంపాను. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, నింద రక్షణ వరుస మీదికి న్యాయంగా మళ్లింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. గ్యాలరీలో వెనుకవరుసలో కూర్చున్నది మనమే కదా, మనల్ని మనం తిట్టుకోవడం దేనికి, పాత పాఠమే ఉంచమన్నాడు.