ఒక్కడే కంపెనీ, ఇంటిల్లిపాదీ స్టాఫు

ఈ మధ్య మన కుర్రాళ్లకు కొత్త మోక్షమార్గం ఒకటి దొరికింది. ఉద్యోగం మానెయ్యాలి. ఎవరి దగ్గరా పెట్టుబడి పుచ్చుకోకూడదు. భాగస్వామి వద్దు, స్టాఫు వద్దు, ఆఫీసు అసలే వద్దు. ఒక లాప్‌టాప్, ఒక ఐడియా, శని ఆదివారాల్లో కాస్త కోడు. ఇక నెల తిరిగేసరికి ఒహాయోలో ఎవరిదో క్రెడిట్ కార్డు నుంచి తొమ్మిది డాలర్లు, టెక్సాస్‌లో ఇంకెవరిదో కార్డు నుంచి పంతొమ్మిది డాలర్లు, మనం గురక పెడుతున్నా వచ్చి పడుతూనే ఉంటాయి. పూర్వం సన్యాసం పుచ్చుకున్నవాడు కనీసం భిక్షకైనా ఊళ్లోకి నడిచి వెళ్లేవాడు. ఈ సన్యాసికి భిక్షే ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది.

ఈ మతానికి పూజాపటం కూడా ఉంది. ఎడమ పక్క కింది మూలలో పుట్టి కుడి పక్క పై మూలకు ఎగబాకే ఆకుపచ్చ గీత. దాని పేరు ఎంఆర్‌ఆర్, అంటే నెలనెలా వచ్చే చందాల మొత్తం. రాబడి గీతే తప్ప ఖర్చు గీత ఏ పటంలోనూ నాకు కనబడలేదు. కింద మంత్రం: "పెట్టుబడి సున్నా, ఉద్యోగులు సున్నా, నేనొక్కణ్ణే."

పటం పెట్టే ఆచారం కొత్తదేం కాదు. కెనడాలో మార్కస్ ఫ్రిండ్ అనే ఆయన 2003లో ప్లెంటీ ఆఫ్ ఫిష్ అనే డేటింగ్ సైటు పెట్టి, చాలాకాలం దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. ప్రకటనల మీద గూగుల్ పంపిన చెక్కును 2006లో లోకానికి చూపించాడు. తొమ్మిది లక్షల కెనడా డాలర్లు దాటిన చెక్కు. అది నిజం. 2015లో ఆ కంపెనీని మ్యాచ్ గ్రూపు 57.5 కోట్ల అమెరికా డాలర్లకు కొన్నదీ నిజమే. అమ్మేనాటికి అందులో జీతగాళ్లు డజన్ల కొద్దీ ఉన్నారు. ఆ సంగతికి చెక్కు ఫోటోలో చోటు చాల్లేదు.

నాకు ఆ డబ్బు మీద కడుపుమంట లేదు (ఉన్నా ఇక్కడ ఒప్పుకోను). నా తగాదా అంతా మంత్రంలో చివరి ముక్కతోనే: నేనొక్కణ్ణే.

ఈ మతంలో చాలామంది మహాపురుషుల కథల్లో ఒక్కడు కోడు రాస్తుంటాడు, పక్క గదిలో ఇంకెవరో అద్దె కడుతుంటారు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట సంగతే చూడండి. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, పాటలు, కోడు అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. అద్భుతమే. అన్నేళ్లూ ఇల్లు గడిచింది ఎక్కువగా ఆయన స్నేహితురాలి సంపాదనతో. ఆయన మాత్రం సియాటిల్‌లో ఒక థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేశాడు. ఈ సంగతి ఆయనేమీ దాచలేదు. ఆయన కథ చెప్పి కోర్సులు అమ్ముకునేవాళ్లే ఆ అమ్మాయిని కథలోంచి తీసేశారు.

"ఇన్వెస్టర్ల జోలికి పోకండి" అని అందరికంటే గట్టిగా ప్రవచించింది బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన 37సిగ్నల్స్ వాళ్లు. 2006లో అందులో జెఫ్ బెజోస్ వాటా కొన్నాడు. ఆ డబ్బు వ్యాపారంలోకి రాలేదు, యజమానుల సొంత జేబుల్లోకి వెళ్లింది, కాబట్టి అది పెట్టుబడి కాదు అంటారు. శాస్త్రం ప్రకారం ఒప్పే. అయితే బెజోస్ వచ్చి జేబు నింపి వెళ్లాక ఎవరికైనా "నాకెవడి డబ్బూ అక్కర్లేదు" అనడానికి గొంతు కాస్త నిండుగా పలుకుతుంది.

ఇక మన ఊరికి వద్దాం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. మన వీరుడు రాజీనామా ఇచ్చి కూర్చున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ సోమలింగానికి డాట్ ఐవో డొమైన్ కూడా కొన్నారు. లోగో మూడు రంగుల్లో సిద్ధం. లింక్‌డిన్‌లో "ఫౌండర్ అండ్ సీఈవో". ఆ సీఈవో కింద ఎవరున్నారు? ఆయనే. ఆయన మీద ఎవరున్నారు? అక్కడే అసలు కథ ఉంది.

పెట్టుబడిదారు: భార్య. గచ్చిబౌలిలో ఉద్యోగం, నెలాఖరుకి జీతం, ఆమె కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో ఈయన పేరు "డిపెండెంట్" అని ఉంటుంది. ఆ పత్రం ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టరెందుకో. ఆఫీసు స్థలం: మామగారి ఫ్లాటు, అద్దె లేదు. క్యాంటీన్: అమ్మ. అకౌంట్స్ విభాగం: గుంటూరులో సీఏ చేసిన పెద్దమ్మ కొడుకు. నెలనెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకోటి వేసి, ఎగుమతికి పన్ను పడకుండా ఏటేటా ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టి, పైసా పుచ్చుకోకుండా "తమ్ముడు బాగుపడితే చాలు" అంటాడు. వీళ్లలో ఎవరికీ వాటా లేదు. జీతం అంతకన్నా లేదు. అత్త సొమ్ము అల్లుడి దానం అనే సామెతకు ఇంత చక్కని బ్యాలెన్స్ షీటు ఇదివరకు ఎవరూ వెయ్యలేదు.

"మీకు రన్‌వే ఎన్ని నెలలుంది?" అని అడుగుతారు స్టార్టప్ వాళ్లు, చేతిలో డబ్బు ఎన్నాళ్లు వస్తుందని. నిజాయితీ గల జవాబు ఒకటే: "మా ఆవిడకు వాళ్ల మేనేజరుతో గొడవ రానన్నాళ్లు."

అదే ఇల్లాలు ఉద్యోగం మానేసి లాప్‌టాప్ ముందు కూర్చుంటే? దాన్ని బూట్‌స్ట్రాపింగ్ (అంటే బయటి పెట్టుబడి లేకుండా సొంతంగా నిలబడటం) అని ఎవరూ అనరు. "ఇంట్లో ఖాళీగానే ఉందిగా, కరెంటు బిల్లు కట్టి రమ్మను" అంటారు. అందుకేనేమో, ఒంటరి వీరుల జాబితాలో వీరవనితలు అంత తక్కువ. వాళ్లకు భార్యలు లేరు మరి.

పెళ్లికాని వీరుడి అవస్థ వేరు. అమ్మాయి తండ్రి ఎదురుగా కూర్చుని మర్యాదగానే అడుగుతాడు.

"సొంత కంపెనీ అని చెప్పారు బాబూ. సంతోషం. ఎంతమంది పనిచేస్తారు మీ దగ్గర?"

"నేనొక్కణ్ణేనండి."

"ఆహా. ఇంకా తీసుకోలేదన్నమాట."

"తీసుకోనండి. తీసుకోకపోవడమే మా విధానం."

పెద్దాయన చేతిలో ఉన్న మైసూరుపాకు ప్లేటులో పెట్టేస్తాడు. గోడమీద ఆకుపచ్చ గీత ఎంత పైకి వెళ్లినా ఆ మైసూరుపాకును మళ్లీ పైకి లేపలేదు.

నిద్రలో డబ్బు అన్నారు కదా, దాని సంగతి చూద్దాం. ఆదివారం మధ్యాహ్నం. వీరుడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే దిల్‌సుఖ్‌నగర్ కిరాణా షాపు నుంచి ఫోను.

"తమ్ముడూ, నీ సాఫ్ట్‌వేర్ పాడైపోయింది. బిల్లు తెల్లగా వస్తోంది."

"కంప్యూటర్లో బిల్లు కనబడుతోందా అన్నా?"

"కనబడుతోంది. కాగితం మీదే లేదు."

"పేపర్ రోల్ ఏమైనా మార్చారా?"

"పొద్దున మా కుర్రాడు మార్చాడులే. అది కాదు గానీ, నువ్వొచ్చి చూడు. ఇక్కడ జనం నిలబడున్నారు."

వెళ్లాడు. థర్మల్ కాగితానికి పూత ఒక పక్కనే ఉంటుంది. ఆ పూత వేడికి నల్లబడితేనే అక్షరం. రోల్ తిరగేసి పెడితే మిషను పాపం నిష్ఠగా శూన్యాన్ని అచ్చేస్తుంది. రోల్ తీశాడు, తిప్పి పెట్టాడు, బిల్లు వచ్చింది. నెలల తరబడి రాత్రింబవళ్లు రాసిన కోడులో ఒక్క లైను కూడా ఆ రోజు పనికిరాలేదు. అన్న టీ తెప్పించి, అసలు మాట అప్పుడు తీశాడు: "సంవత్సరానికి ఆరు వేలంటే ఎక్కువ తమ్ముడూ. మా బావమరిది కొడుకు సీఎస్‌ఈ మూడో సంవత్సరం. వాడు ఊరికే చేసి పెడతానంటున్నాడు."

ఆరు వేలూ చివరికి ఇచ్చాడు. ఇచ్చింది సాఫ్ట్‌వేర్‌కు కాదు, ఫోన్ చేస్తే ఆదివారం కూడా బండేసుకుని వచ్చే మనిషికి. ఈ వ్యాపారంలో అమ్ముడుపోయే సరుకు అదే. గురువుగారి వీడియోలో సముద్రపుటొడ్డు ఉంటుంది, కొబ్బరిబోండాం ఉంటుంది, థర్మల్ రోల్ మాత్రం ఉండదు. వారానికి నాలుగు గంటల పని చాలని 2007లో టిమ్ ఫెరిస్ పుస్తకమే రాశాడు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి రావడానికే రెండు అయిపోయాయి.

డబ్బు వసూలు ఇంకో పురాణం. "స్ట్రైప్ పెట్టుకో, పది నిమిషాల పని" అంటాడు గురువు. మన దేశంలో 2024 నుంచి స్ట్రైప్ అనే ఆ పేమెంట్ కంపెనీలో కొత్తగా చేరాలంటే వాళ్లే పిలవాలి. పోనీ ఇక్కడి కస్టమర్ల కార్డుల నుంచే నెలనెలా లాగుదామంటే, 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి అడ్డం నిలబడింది: డబ్బు కోసే ముందు కనీసం 24 గంటలు మిగిలుండగా కస్టమరుకు కబురు పంపాలి, వద్దంటే మానేసే వీలు ఇవ్వాలి. ప్రజలకు ఇది మేలు, సందేహం లేదు. కానీ చందా వ్యాపారమంతా కస్టమరు మతిమరుపు మీద నిలబడి ఉందన్న రహస్యాన్ని ఇంత అధికారికంగా బయటపెట్టాలా? నెలనెలా మెసేజ్ వెళుతుంది, దాన్ని చూసి "అరె, ఇది ఇంకా ఉందా" అనుకుంటాడు కస్టమరు. ఆకుపచ్చ గీత అక్కడే కాస్త వంగుతుంది.

నిజంగా ఒంటరిగా నడిచి, నడిచినదంతా విప్పి చెప్పినవాళ్లు లేకపోలేదు. జపాన్‌లో ఉద్యోగం చేసుకుంటూ 2006లో బింగో కార్డులు అచ్చేసే చిన్న ప్రోగ్రాం రాసి, అమెరికాలో స్కూలు టీచర్లకు అమ్మిన పాట్రిక్ మెకెంజీ ఒకడు. ఆయన అమ్మకాల లెక్కలు బయటపెట్టాడు, ఖర్చులూ పెట్టాడు. ఉద్యోగం మానింది 2010లో, వ్యాపారం నిలబడ్డాక. టీచర్లు దేనికోసం వెతుకుతున్నారో కనిపెట్టడమే అసలు పని, కోడు రాయడం అందులో చిన్న ముక్క అని ఆయనే చెబుతూ వచ్చాడు. ఈ కథను మన గురువులు ఎక్కువగా చెప్పరు. బింగో కార్డులు, స్కూలు టీచర్లు, నాలుగేళ్ల ఉద్యోగం: ఇందులో బీచ్ ఎక్కడ పెట్టాలి?

పీటర్ లెవెల్స్ కథ మాత్రం తెగ చెబుతారు. 2014లో 12 నెలల్లో 12 స్టార్టప్‌లు పెడతానని పూనుకున్న డచ్చి మనిషి. నోమాడ్ లిస్ట్, రిమోట్ ఓకే అనే సైట్లు ఆయనవే. 70కి పైగా ప్రాజెక్టులు చేస్తే డబ్బు తెచ్చినవి నాలుగేనని ఆయనే అన్నాడు. మన శిష్యుడు విన్నది "నాలుగు". డెబ్బై అన్న మాట వచ్చేసరికి వీడియో రెండింతల వేగంలో ఉంది.

ఏకాంతానికి చట్టం కూడా ఉందండోయ్. 2013 కంపెనీల చట్టం ఏక వ్యక్తి కంపెనీకి దారి తెరిచింది. ఒక్కడే సభ్యుడు. చప్పట్లు. అయితే నమోదు పత్రంలో రెండో మనిషి పేరు రాయందే ఆ ఒక్కడి కంపెనీ పుట్టదు: ఈయన పోతే, లేదా పనిచెయ్యలేని స్థితిలో పడితే, ఆ నామినీ సభ్యుడవుతాడు, అదీ ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. వీరుడికి డెంగ్యూ వచ్చి సెలైన్ ఎక్కుతుండగా సర్వరు పడిపోతే ఎవరు లేపుతారన్న ప్రశ్న గురువులకు తట్టలేదు గానీ పార్లమెంటుకు తట్టింది. ఆ గడిలో ఎవరి పేరు రాస్తారో చెప్పక్కర్లేదు. పెట్టుబడి ఆమెదే, బీమా ఆమెదే, ఇప్పుడు వారసత్వమూ ఆమెదే. లింక్‌డిన్‌లో మాత్రం ఆమె లేదు.

ఈ లోగా ఏఐ వచ్చి వేడుకను ఇంకాస్త పెంచింది. ఒకే ఒక్క మనిషి నడిపే వంద కోట్ల డాలర్ల కంపెనీ ఏ ఏడాది పుడుతుందోనని తన స్నేహితులైన సీఈవోల మధ్య పందెం నడుస్తోందని ఏఐ కంపెనీ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2024లో చెప్పాడు. ఆ ఒక్క మనిషి నెలనెలా చందా కట్టి వాడాల్సిన పనిముట్టు అమ్మేది ఆయనే. ఆ పనిముట్టు కట్టడానికి వేలమంది ఉద్యోగులు, లెక్కలేనంత ఇన్వెస్టర్ల సొమ్ము. స్టాఫు అక్కర్లేదు, ఫండింగ్ అక్కర్లేదు అన్న సువార్త చెప్పడానికి ఇంతకంటే తగిన నోరు దొరకదు.

కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు: ఉద్యోగం కంటే ఉద్యోగం తెప్పించే కోర్సు నమ్మకమైన వ్యాపారం. ఇప్పుడు ఒంటరి వ్యాపారం కంటే ఒంటరి వ్యాపారం నేర్పే కోర్సు నయం. సాఫ్ట్‌వేర్ అయితే బిల్లు తెల్లగా వస్తోందని ఫోన్లొస్తాయి. కోర్సు ఒకసారి రికార్డు చేస్తే ఎవరి ప్రింటరూ చూడక్కర్లేదు. గురువుగారి గీత ఆకుపచ్చగా ఎందుకుందో, ఆ గీతలో శిష్యుల వంతు ఎంతో కోర్సులో చెప్పరు. అది సిలబస్‌లో లేదు.

మన వీరుడు కూడా మొన్న రాత్రి చేరాడు. "ఎవరి సాయమూ లేకుండా పైకి రావడం ఎలా", ఆరు వారాలు, సర్టిఫికెట్ ఉచితం. ఫీజు ఒక్కసారిగా కట్టలేకపోతే వాయిదాల సదుపాయం ఉంది, క్రెడిట్ కార్డు ఉంటే చాలు. ఉద్యోగం లేనివాడికి బ్యాంకు కార్డు అంత తేలిగ్గా ఇవ్వదు. వివరాలన్నీ నింపి, చివరి బటను నొక్కి, వంటింటి వైపు తిరిగి కేకేశాడు:

"ఏమోయ్, నీ ఫోన్ ఓసారి చూడు. ఓటీపీ వచ్చుంటుంది."