‘మంచు కరుగుచున్నది’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: డెట్రాయిట్ శివారులో కార్ల ఇంజినీరుగా పొట్టపోసుకుంటున్న ఒక కవి, మార్చి నెలలో, అర్ధరాత్రి వేళ మిత్రుల వాట్సాప్ గ్రూపులోకి వదిలిన పద్యమిది. స్నోమొబైల్ షికారుకు పిలుపు; గమ్యం మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవెనా ద్వీపకల్పం. బండ్లను ట్రెయిలర్ మీద కట్టుకుని, మకినా వంతెన దాటి, ఇంచుమించు పగలంతా నడిపితే వస్తుంది. పద్యానికి రెండు బొటనవేళ్ళూ ఒక నవ్వుబొమ్మా తప్ప గ్రూపులో వ్యాఖ్య రాలేదు. ఆ లోటు తీర్చడమే ఈ టీకకు ప్రయోజనం.

తే.గీ.
మంచు కరుగుచున్నది రండు మరల నొక్క
సారి బండ్లెక్కి పోదము జారి జారి
నీడలున్నంత మేరకే; నేల తేలె
రోడ్డు దాటెడి చోటుల, రొప్పు బండ్లు

ప్రతిపదార్థం: మంచు = హిమము, చలికాలమంతా యంత్రాలతో చదును చేయగా గట్టిపడినది; కరుగుచున్నది = నీరగుచున్నది; రండు = రావలసినది (‘మిత్రులారా’ అనేది అధ్యాహారం; ‘పెట్రోలు ఖర్చు పంచుకొనుడు’ అనేది కూడా); మరల నొక్కసారి = ‘ఇదే ఆఖరు’ అని పోయిన వారమే ఇంట్లో చెప్పినప్పటికిని ఇంకొక పర్యాయము; బండ్లు = ముందు రెండు స్కీలును, వెనుక రబ్బరు పట్టాయును గల స్నోమొబైళ్ళను; ఎక్కి = అధిరోహించి; నీడలున్నంత మేరకే = చెట్ల నీడన మంచు నిలిచినంత దూరమే; జారి జారి పోదము = సాగుదము; రోడ్డు దాటెడి చోటుల = ట్రెయిల్ తారురోడ్డును దాటే తావులందు; నేల తేలె = బురద కనబడెను; బండ్లు రొప్పు = దీనికి విశేషాలలో చూడుడు.

తాత్పర్యం: మిత్రులారా, మంచు పోతోంది. పూర్తిగా పోకముందే నీడ దారుల వెంట ఒకసారి తిరిగొద్దాం. బండ్లు వేడెక్కుతాయి, తర్వాత నన్ను అనొద్దు.

విశేషాలు: ‘రొప్పు’ అన్న మాట దగ్గర గ్రూపులోని ఒక పూర్వవ్యాఖ్యాత, ప్రాణం లేని బండి రొప్పడమేమిటి, ఉత్ప్రేక్ష అన్నాడు. ఆయన బండి అద్దెది కనుక క్షమించవచ్చు. ఇది శుద్ధ స్వభావోక్తి. ఇప్పటి చాలా స్నోమొబైళ్ళలో ఇంజిను వేడిని మోసుకొచ్చే ద్రవం, పట్టాకు పైనున్న లోహపు గొట్టాల గుండా పోతుంది. తిరిగే పట్టా మంచుపొడిని ఎగజిమ్మి ఆ గొట్టాలకు కొడుతుంది. అది అక్కడ కరిగి వేడిని లాక్కుంటుంది. పట్టా లోపలివైపు రాసుకుంటూ పోయే ప్లాస్టిక్ పట్టీలకు కందెన కూడా ఆ మంచే. నేల తేలిన చోట రెండూ ఒకేసారి కరువు. ముందు వేడి దీపం వెలుగుతుంది, తర్వాత ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. మంచు గడ్డకట్టి గాజులా మారినా ఇదే తిప్పలు. అప్పుడు స్క్రాచర్లనే స్ప్రింగు తీగలు కిందికి దించి, గడ్డను గీకించి పొడి లేపుకోవాలి. మంచును జయిస్తానని బయలుదేరిన బండి, మంచే నీరూ నూనే పోస్తే గాని నడవదు. ఇంజినీరు కాని కవికి ఈ ‘రొప్పు’ దొరికేది కాదు.

కాలనిర్ణయం: పద్యంలో తేదీ లేదు. అయినా ‘మరల నొక్కసారి’ అన్న తొందర అంతర్గత సాక్ష్యం. మిషిగన్‌లో స్నోమొబైల్ ట్రెయిళ్ళకు డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకే అనుమతి. వాటిలో చాలా భాగం సొంతదారులు ఒప్పుకుంటే సాగే ప్రైవేటు భూములే. కాబట్టి ఏప్రిల్‌లో మంచు మిగిలినా పద్యం చెల్లదు. 2023-24 శీతకాలపు రచన కాదని కూడా తేల్చవచ్చు. ఆ ఏడు ఉత్తరాన రికార్డు వెచ్చదనం; ‘మరల’ అనడానికి ముందొకసారి వెళ్ళి ఉండాలి కదా. అన్ని ఏళ్ళూ అలా కావు: కీవెనాలోనే, మోహాక్ దగ్గర హైవే పక్కన, థర్మామీటరు ఆకారంలో ఎత్తైన మంచు కొలబద్ద ఒకటుంది. 1978-79లో కురిసింది 390.4 అంగుళాలని అది చెబుతుంది. కవి ఏటా దాని కింద ఫొటో దిగుతాడు, ఆ మంచు తానే కురిపించినట్టు.

‘బండ్లు’ అన్న మాటకు పూర్వకథ చెప్పక తప్పదు, ఇందులో హాస్యం లేకపోయినా. క్యుబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ కొడుకు 1934లో చనిపోయాడు. మంచు దారులు మూసేసింది, పిల్లవాణ్ణి ఆస్పత్రికి చేర్చలేకపోయారు. 1937లో ఆయన పట్టా చక్రానికి పేటెంట్ పొందాడు. తొలి బండ్లు ఏడుగురు కూర్చునేవి. ఆట కోసం పుట్టినవి కావు. 1959లో వచ్చిన చిన్న బండి ‘స్కీ-డూ’తోనే ఈ వినోదమంతా ఊపందుకుంది.

‘జారి జారి’ అనే ఆమ్రేడితం ఒకరి వెనక ఒకరుగా సాగే వరుసకు సూచన. ఎదురొచ్చే వారికి, వెనక ఇంకెందరున్నారో ముందువాడు వేళ్ళతో చూపడం, చివరివాడు పిడికిలి చూపడం పాత ఆనవాయితీ. మా కవి అనుభవమంతా పిడికిలిదే. ‘నీడలు’ అన్నప్పుడు ఉత్తరం వాలులూ హెమ్లాక్ చెట్ల గుబుర్లూ గ్రాహ్యాలు. దక్షిణం వాలు ముందే బట్టతల అయిపోతుంది. పొద్దున్నే రాయిలా ఉన్న దారి మధ్యాహ్నానికి జావ. సరస్సుల మంచు మాట పద్యంలో లేదు. అది కవి వివేకం. విస్కాన్సిన్‌లోని గ్రాంట్స్‌బర్గ్‌లో నడివేసవిలో స్నోమొబైళ్ళను నీళ్ళ మీద పరిగెత్తించే పందేలున్నాయని ఒక మిత్రుడు గుర్తు చేశాడు. ఆ శాస్త్రం వేరు, ఆ అధికారులూ వేరు.

ఇక దోషవిచారం. రెండో పాదంలో వచ్చిన ‘బండ్లు’ నాలుగో పాదంలో మళ్ళీ వచ్చాయి, పునరుక్తి అని ఆక్షేపం. అది నిలవదు. రెండో పాదంలో బండ్లు మనల్ని మోస్తాయి. నాలుగో పాదానికి వచ్చేసరికి అందరూ దిగి, స్కీ కొక్కేలు పట్టుకుని, బురదలోంచి బండినే అవతలి మంచు దాకా ఈడుస్తుంటారు. రొప్పేది బండి ఒక్కటే కాదు. అర్థం మారింది కనుక యమకం.