టేపు బాబాయ్

ప్రతి షెడ్డులోనూ ఒక టేపు బాబాయ్ ఉంటాడు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళండి, హైదరాబాదు బాలానగర్‌కు వెళ్ళండి, పేరు మారుతుంది గానీ మనిషి మారడు. జేబులో టెస్టరు, మణికట్టుకు గాజులా నల్లటేపు చుట్ట. జీతం తీసుకునేది హెల్పరుగా. ఎలక్ట్రీషియన్ హోదా జనం కట్టబెట్టింది.

గ్రైండరు మీద పడి జంక్షన్ బాక్సు వైరు చిట్లిందనుకోండి. "బాబాయ్!" అని ఒక్క కేక చాలు, వాలిపోతాడు. ప్లగ్గు పీకడు. "రెండు చుట్ల పనికి కరెంటు ఆపేదేంటి?" అంటాడు. ప్లగ్గే పగిలితే మరీ సులువు. వైరు కొసలు పళ్ళతో ఒలిచి, సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగిస్తాడు. మూడోది, ఆ ఆకుపచ్చ ఎర్తు వైరు, ఆయన లెక్కలో కంపెనీవాడి దుబారా. మడిచి కట్టేస్తాడు. ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేది అన్నిటికంటే ముందు తగిలి, అన్నిటికంటే చివర విడవడానికి. బాబాయ్‌ని అడిగితే, "పట్టుకుని లాగడానికి వీలుగా" అంటాడు.

కొత్తగా సేఫ్టీ ఆఫీసరొచ్చాడు. పాపం, చదువుకున్నవాడు. వైరు దెబ్బతింటే వెంటనే ప్లగ్గు తీసి, ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టాలన్నాడు. పాడైన ముక్క కోసేసి, అర్హత ఉన్న ఎలక్ట్రీషియనే కొత్త ప్లగ్గు బిగించాలి. ఎర్తు అందుతోందో చూడాలి. 500 వోల్టుల మెగ్గరు పెడితే ఇన్సులేషన్ నిరోధం ఒక మెగ్ ఓమ్‌కు తగ్గకూడదు. టేపు దెబ్బను దాస్తుందే తప్ప వైరుకు పాత బలం ఇవ్వదు, మెలేసిన అతుకు లోడు పడితే వేడెక్కుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. మనిషిని కాపాడాలంటే 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి.

బాబాయ్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఆ ట్యాగు దారం ఊడదీసి, టేపు చుట్టిన వైరును స్తంభానికి కట్టాడు. "నిజమే సార్, వైరు కాళ్ళకు అడ్డం పడకూడదు."

సూపర్‌వైజరు ఓటూ బాబాయ్‌కే. కొత్త వైరంటే ఇండెంటు రాయాలి, స్టోర్సులో లేదనిపించుకోవాలి, కొటేషన్లు తెప్పించాలి. ఈలోగా మిషను ఆగిపోతుంది. బాబాయ్‌కి టేపు, టీ ఇప్పిస్తే చాలు. షాకు తగిలితే ఏం చెయ్యాలో చెప్పే చార్టు స్థానిక భాషలోనూ గోడకు ఉండాలని నిబంధన. ఉంది. మూల ఊడితే బాబాయే టేపుతో అంటించాడు.

మొన్న ఆయన ఇంటికి వెళ్ళాను. మిక్సీ వైరు కాస్త చిట్లిందట, బయటి ఎలక్ట్రీషియన్ని పిలిచి కొత్తది వేయిస్తున్నాడు.

"నువ్వే నాలుగు చుట్లు చుట్టేస్తే పోయేది కదా బాబాయ్!"

"అమ్మో! పిల్లలు తిరిగే ఇల్లు."

"మరి షెడ్డులో?"

"అక్కడందరూ పెద్దవాళ్ళే కదయ్యా!"