అడ్మిన్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ గారికి మూడో అంతస్తు వాడు నమస్కరించి రాసుకునే విన్నపం.

మొన్న ఆదివారం రాత్రి తమరి గ్రూపులో వాలిన ఆడియో గురించి. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన ఏరియాలో దిగింది, అందరికీ పంపండి." ఏ ఏరియా? ఎవరి గొంతు? ఎప్పటిది? పైన రెండు బాణాల గుర్తుంది. ఇది చేతులు మారీ మారీ వచ్చిన సరుకని ఆ యాప్ పాపం మొత్తుకుంటోంది. తమరు దాని కింద దండం బొమ్మ పెట్టారు. అడ్మిన్ గారే దండం పెట్టాక అబద్ధమని ఎవరంటారు?

సోమవారం సాయంత్రం గేటు దగ్గర పీచుమిఠాయి తాతను పట్టుకున్నారు. ఐదేళ్లుగా గంట వాయించుకుంటూ వస్తున్న మనిషి. సంచీ బోర్లించారు, ఆధార్ అడిగారు, చెంప మీద ఒకటిచ్చారు. గులాబీరంగు పీచంతా డ్రైనేజీ మూత మీద పడింది. కొట్టినవాడు మన బ్లాకు వాడే సార్, ఎం.టెక్ చదివాడు!

2018 జులైలో బీదర్ జిల్లాకు హైదరాబాద్ నుంచి వెళ్లిన కుర్రాళ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే. వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న మెసేజీ వాళ్ల కారుకంటే ముందే ముర్కి గ్రామానికి చేరింది. ఒకడు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ నెలలోనే వాట్సాప్ వాళ్లు ఫార్వర్డులకు 5 చాట్‌ల హద్దు పెట్టారు. 2020లో బాగా తిరిగినవాటిని ఒక్కసారికి ఒక్క చాట్‌కే అన్నారు. మనవాళ్లకేం, ఓపిగ్గా ఒక్కొక్కరికే పంపుతారు. 2018లోనే గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల చేత ఊళ్లలో డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఇలాంటి మెసేజీలు నమ్మొద్దని చెప్పించారు. తమరిని డప్పు కొట్టమన్నామా? ఒక్క లైను రాయడానికి చేతులు రాలేదు.

అడిగితే "జాగ్రత్త కోసం పెట్టారులే, పోయేదేముంది" అంటారా! లిఫ్టు చెడి పదకొండు రోజులైందని రాసినప్పుడు మాత్రం అడ్మిన్లే రాసేలా గ్రూపుకి తాళం వేశారు. ఆ తాళం ఆదివారం ఏమైంది?

వెటకారం ఇక నావల్ల కాదు సార్. ఆ ఆడియో ఇంకా గ్రూపులోనే ఉంది. నిన్న మా అమ్మ ఫోను చెవికి ఆనించుకుని వింటోంది. తాత మళ్లీ రాలేదు. ఎవరు పెట్టిన మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసే వీలు అడ్మిన్‌కి 2022 నుంచీ ఉంది. వేలితో కాసేపు నొక్కి పట్టుకుని డిలీట్ కొడితే చాలు. తీసేయండి సార్.